చక్రాల వరుస, నట్ల బిగువు
(రైతుల కార్యక్రమంలో ప్రసంగము)



ఎడ్లబండి తోలిన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. బండి బయలుదేరే ముందు ఇరుసు చివర శీల ఉన్నదా, లేదా అని చేతితో తడిమి చూసేవారు. శీల వ్రేలెడంత ఇనుప ముక్క. దాని ఖరీదు ఏపాటిది? కాని అది జారిపోతే చక్రం ఊడుతుంది, బస్తాలు వాగులో పడతవి, ఎద్దు కాలు విరుగుతుంది. ఈనాడు మన ముంగిట ఎడ్లబండికి బదులు ట్రాక్టరు ఉన్నది, ట్రాలీ ఆటో ఉన్నది, పికప్ బండి ఉన్నది. వాటిలో శీలలు ఒకటి రెండు కావు, పదుల కొద్దీ ఉన్నవి. వాటికి నట్లు, బోల్టులు అని పేరు. తడిమి చూసే అలవాటు మాత్రం ఎడ్లబండితోనే పోయింది. ఆ అలవాటు మళ్ళీ ఎందుకు కావాలో, ముఖ్యంగా ముందు చక్రాల వరుస సరిచేయించే రోజున ఏ నట్టు ఎప్పుడు, ఎంత బిగించాలో ఈ ప్రసంగంలో విన్నవిస్తాను.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకు ముందు వీటిలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లా లోనిదే. అయినా నేల ఒక్క తీరుగా లేదు, బండికి వచ్చే కష్టమూ ఒక్క తీరుగా లేదు. జనగామ పక్క ఎర్ర చెలకలు, రాళ్ళు. దేవాదుల నీళ్ళు అందిన చోట వరి కరిగెట్లు. మహబూబాబాద్ పక్క మిర్చి, పత్తి, మక్కజొన్న; బయ్యారం పెద్దచెరువు వంటి చెరువుల కింద వరి. భూపాలపల్లి పక్క పత్తి చేలు, అడవి బాటలు. వాటికి తోడు బొగ్గు గనుల లారీలు తిరిగే రోడ్లు, ఆ రోడ్ల మీది గుంతలు. రాళ్ళ నేలలో చక్రానికి దెబ్బ తగులుతుంది. కరిగెట్లో కీళ్ళలోకి బురద పోతుంది. గుంతల రోడ్డులో బరువుతో బండి అదురుతుంది. దెబ్బ, బురద, అదురు, ఈ మూడూ కలిసి నట్టును వదులు చేస్తవి, కీలును అరగదీస్తవి. కేజ్‌వీల్స్ తొడిగిన ట్రాక్టరును తారురోడ్డు మీద నడిపితే ఇక చెప్పనక్కరలేదు. రోడ్డుకూ చేటు, బండికీ చేటు.

మొదట చక్రాల వరుస అంటే ఏమిటో చూద్దాము. ట్రాక్టరు ముందు నిలబడి చూస్తే రెండు ముందు చక్రాలు ఒకదానికొకటి సూటిగా సమాంతరంగా ఉన్నట్టు కనిపిస్తవి. నిజానికి మామూలు రెండు చక్రాల నడక ట్రాక్టర్లలో అవి ముందు పక్క కొంచెం దగ్గరగా, వెనుక పక్క కొంచెం ఎడంగా ఉంటవి. దీనిని టో-ఇన్ అంటారు. ఈ తేడా కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. ఎన్ని మిల్లీమీటర్లు అనేది మీ బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లకు లెక్క వేరుగా ఉండవచ్చును. కాబట్టి పక్కింటివారి బండి లెక్క మన బండికి పెట్టరాదు.

ఈ కొద్ది మిల్లీమీటర్లకు ఇంత పట్టింపు ఎందుకు? లెక్క వేసి చూడండి. ముందు టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు అనుకుందాము. ముందుకూ వెనుకకూ కొలతలో 12 మిల్లీమీటర్ల తేడా ఉన్నదనుకోండి. ఒక్కో చక్రం వాటాకు 6 మిల్లీమీటర్లు. అంటే బండి ఒక కిలోమీటరు నడిచేసరికి, చక్రం తాను చూస్తున్న దిక్కుకూ బండి పోతున్న దిక్కుకూ మధ్య ఎనిమిది మీటర్ల తేడా వస్తుంది. చక్రం అటు పోలేదు గనుక ఆ మేరకు టైరు నేల మీద పక్కకు రాసుకొని అరుగుతుంది. పంట వేసుకొని ఏనుమాముల మార్కెట్టుకు 50 కిలోమీటర్లు నడిచేవారి టైరు 400 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టే. టైరు అరిగింది చాలక ఆ ఈడ్పుకు డీజిలు కూడా మనమే పోస్తున్నాము.

స్టీరింగు ఎటు తిప్పితే రెండు చక్రాలూ కూడి అటు తిరిగేటట్టు చేసేది టై రాడ్డు. ఈ ఏర్పాటు మోటారు బండికన్న పాతది. 1818లో లండన్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు అది గుర్రపు బండ్ల కోసం. ఈనాడు మన ట్రాక్టరులోనూ సూత్రం అదే. టై రాడ్డు రెండు చివరలా గోళీ వంటి కీలు ఉంటుంది. దానిని బాల్ జాయింటు అంటాము. కీలును చక్రపు చేతికి పట్టి ఉంచేది ఒక నట్టు. రాడ్డు పొడుగు మారకుండా పట్టి ఉంచేది ఇంకొక నట్టు, దానిని లాక్ నట్టు లేక చెక్ నట్టు అంటారు. కొన్ని ట్రాక్టర్లకు ఒకే పొడుగు రాడ్డు కాక ఇరుపక్కలా రెండు రాడ్లు ఉంటవి. ఏది ఎట్లా ఉన్నా, మన ప్రాణం ఈ చిన్న నట్ల మీద ఆధారపడి ఉన్నది. లాక్ నట్టు వదులైతే వరుస తప్పుతుంది. కీలు నట్టు ఊడితే స్టీరింగు మన చేతిలో ఉంటుంది, చక్రం మాత్రం మన మాట వినదు.

ఇక పని ఎట్లా జరగాలో ఒక మేస్త్రీ, ఒక రైతు మాట్లాడుకుంటున్నట్టు చెబితే సులభంగా ఉంటుంది. వినండి.

రైతు: బిడ్డా, బండి ఎడమకు గుంజుతున్నది. టై రాడ్డు జర తిప్పి సరిచెయ్యరాదు?

మేస్త్రీ: సరిచేస్త కాకా. గని ముందుగాల ఎందుకు గుంజుతున్నదో చూడాలె. రెండు ముందు టైర్లల్ల గాలి సమంగ ఉన్నదా?

రైతు: ఎడమ దాంట్ల జర తక్కువనే ఉండొచ్చు. పంచరు పడ్డది మొన్న.

మేస్త్రీ: అగో, గాలి తక్కువున్న దిక్కే బండి గుంజుతది. ముందు గాలి. తర్వాత జాకీ పెట్టి చక్రం లేపుదాం. వెనుక చక్రాలకు ముందూ వెనుకా రాయి పెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, ఇరుసు కింద గట్టి మొద్దు పెట్టాలె.

రైతు: లేపినం. ఇప్పుడేం జెయ్యాలె?

మేస్త్రీ: చక్రాన్ని మీదా కిందా పట్టి ఊపు. ఊగితే బేరింగన్న లూజున్నది, కింగ్ పిన్ను బుష్షన్న అరిగింది. ఇప్పుడు ఎడమా కుడీ పట్టి ఊపు. అట్ల ఊగితే బాల్ జాయింటుల లూజు ఉండొచ్చు. నువ్వు ఊపుతుండు, నేను కీలు మీద చెయ్యి పెట్టి చూస్త. కొట్టుకునేది ఎక్కడో చేతికి తెలుస్తది.

రైతు: ఇగో, ఇక్కడ టకటకమంటున్నది.

మేస్త్రీ: అయితే ఈ బాల్ జాయింటు మార్చాలె. ఇది ఉంచుకొని టై రాడ్డు తిప్పితే ఇయ్యాల కొలత మంచిగనే వస్తది, రేపు మళ్ళ తప్పుతది. లూజు పోకుంట వరుస నిలువది కాకా.

మేస్త్రీ చెప్పిన చివరి మాట గుర్తుంచుకోండి. లూజు పోకుండా వరుస నిలవదు. ఎంత మంచి కంప్యూటరు అలైన్‌మెంటు యంత్రమైనా చక్రం ఆ క్షణంలో ఎక్కడ ఉన్నదో అదే చూపుతుంది. అరిగిన కీలు రోడ్డు మీద ఎటు జారుతుందో అది చూపదు. అందుచేత వరుస పని ఎప్పుడూ ఈ క్రమంలో సాగాలి.

మొదటిది, గాలి, బేరింగు, కింగ్ పిన్ను, బాల్ జాయింట్లు చూడడం, అరిగినవి మార్చడం. రెండవది, బండి బరువు మోసే భాగాల బోల్టులు బిగించడం. ట్రాక్టరుకైతే ముందు ఇరుసు బోల్టులు, పికప్‌కైతే కమాన్ పట్టీల యు బోల్టులు. మూడవది, వరుస కొలిచి టై రాడ్డు సరిచేయడం. నాలుగవది, లాక్ నట్లు బిగించడం. అయిదవది, మళ్ళీ కొలవడం. ఈ అయిదవ మెట్టును చాలామంది ఎగవేస్తారు. లాక్ నట్టు బిగించేటప్పుడు దానితోపాటు రాడ్డు కూడా రవ్వంత తిరుగుతుంది. ఆ రవ్వంతతోనే కొలత మారవచ్చును. బిగించిన తరువాత కొలిచినదే అసలు కొలత.

రెండవ మెట్టును మూడవదాని తరువాత పెట్టరాదు. ముందు ఇరుసును పట్టి ఉంచే బోల్టులు వదులుగా ఉండగా వరుస చేసి, ఆ తరువాత అవి బిగిస్తే ఇరుసు తన చోటికి జరుగుతుంది; చేసిన వరుస చెడుతుంది. చక్రాల ఎడం మార్చుకునే ముందు ఇరుసు ఉన్న ట్రాక్టర్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. సాళ్ళ కోసం చక్రాల ఎడం మార్చిన ప్రతిసారీ టై రాడ్డు కూడా మార్చాలి, వరుస మళ్ళీ చూడాలి.

వరుస కొలవడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. వరంగల్, హనుమకొండలలో యంత్రాల దుకాణాలు ఉన్నవి. పికప్‌కు అక్కడికి పోవడం మంచిదే. ట్రాక్టరుకు మాత్రం సుద్దముక్క, టేపు ఉంటే కల్లంలోనే పని అవుతుంది. చదునైన నేల మీద బండిని ముందుకు కొంచెం తోసి, స్టీరింగు నిటారుగా ఉంచండి. రెండు ముందు టైర్ల నడిమిట, ముందు పక్క, హబ్బు ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి రాసుకోండి. ఇప్పుడు బండిని ముందుకు తోయండి. అవే గుర్తులు వెనుక పక్కకు వచ్చి మళ్ళీ హబ్బు ఎత్తులో నిలవాలి. మళ్ళీ కొలవండి. వెనుక కొలతలో నుంచి ముందు కొలత తీసివేస్తే వచ్చేదే టో-ఇన్. అవే గుర్తులతో రెండుసార్లు కొలవమనడం ఎందుకంటే, రిమ్ము కొద్దిగా వంకరగా ఉన్నా ఆ వంకర రెండు కొలతలలోనూ ఒక్క తీరుగా ఉంటుంది గనుక లెక్క చెడదు.

టై రాడ్డు ఇరుసుకు వెనుక ఉన్న బండ్లలో రాడ్డు పొడుగు పెంచితే టో-ఇన్ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఇరుసుకు ముందు ఉంటే దీనికి తలకిందులు. ఇరుపక్కలా రెండు రాడ్లు ఉన్న బండిలో రెండింటినీ సమంగా మార్చాలి. ఒకదానినే తిప్పితే స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది, ఒక పక్కకు ఎక్కువ, ఇంకొక పక్కకు తక్కువ తిరుగుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు బాల్ జాయింటు తలను రెండవ పానాతో పట్టుకొని ఉండాలి. అది ఒక పక్కకు ఒరిగి బిగుసుకుంటే గుంతలో చక్రం ఎగిరినప్పుడు కీలు తిరిగే చోటు లేక విరుగుతుంది.

ఇక ఎంత బిగించాలి అనే ప్రశ్న. మళ్ళీ మన రైతూ, మేస్త్రీ ఏమంటున్నారో వినండి.

రైతు: ఎంత గట్టిగ బిగిస్తె అంత మంచిదే గద బిడ్డా? పానాకు పైపు తొడిగి ఇద్దరం ఒరిగితె మళ్ళ ఊడదు.

మేస్త్రీ: వద్దు కాకా. బోల్టు కూడ స్ప్రింగు అసొంటిదే. బిగిస్తుంటె సాగుతది. సాగి వెనుకకు గుంజుతది గనుకనే రెండు ఇనుములు అతుక్కొని ఉంటయి. మరీ సాగదీస్తె మళ్ళ గుంజే బలం పోతది. అది చూస్తె బిగువుగనే ఉంటది, గని లోపల సచ్చిపోయింటది.

మేస్త్రీ మాటలో పెద్ద శాస్త్రమే ఉన్నది. బోల్టు పని తన సాగుడుతో రెండు భాగాలను నొక్కి పట్టడం. మనం పానా మీద పెట్టిన బలంలో సుమారు పదింట తొమ్మిది వంతులు నట్టు అడుగున, మరల మధ్య రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన ఒక వంతు మాత్రమే. అందుకే మర మీద మట్టి, తుప్పు ఉంటే బలమంతా రాపిడికే పోయి, పానా బిగువు చూపినా బోల్టు నొక్కదు. మర మీద నూనె పోస్తే దీనికి వ్యతిరేకం. అదే బలానికి బోల్టు అవసరానికి మించి సాగుతుంది. కాబట్టి మరను ఇనుప బ్రష్‌తో శుభ్రం చేయండి. పుస్తకంలో పూయమని ఉంటే తప్ప నూనె, గ్రీజు పూయకండి.

ఎంత బలం అన్నది పుస్తకంలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. దానికి టార్క్ రెంచి అనే పానా ఉన్నది. కావలసిన బలం రాగానే టిక్కుమని చెబుతుంది. అది మన దగ్గర లేకపోయినా లెక్క తెలిసి ఉండాలి. పుస్తకంలో 100 న్యూటన్ మీటర్లు అని ఉంటే, అర మీటరు పొడుగు పానా చివర సుమారు 20 కిలోల బలం పెట్టాలన్నమాట. మీటరు పైపు తొడిగి ఇద్దరు ఒరిగితే అది ఎన్ని రెట్లు అవుతుందో మీరే ఊహించుకోండి. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. అది దాని సత్తువ. 10.9 బోల్టు ఉన్న చోట దుకాణంలో దొరికిందని అంకె లేని బోల్టు వేయడం, ఎద్దు కాడికి దూడను కట్టినట్టే.

నట్లు తమంతట తామే ఎందుకు వదులవుతవి? పక్కకు వచ్చే అదురు వల్ల. 1969లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజనీరు దీనిని ప్రయోగం చేసి చూపాడు. బోల్టు పట్టిన రెండు భాగాలు పక్కలకు జారి ఆడుతుంటే, మరలోని రాపిడి పట్టు తప్పి, నట్టు మెల్లమెల్లగా దానంతట అదే వెనుకకు తిరుగుతుంది. అంటే నట్టుకు మొదట సరియైన బిగువు ఉండి భాగాలు జారకుండా ఉంటే అది వదులు కాదు. కొంచెం వదులైతే భాగాలు ఆడుతవి. ఆడితే ఇంకా వదులవుతుంది. ఇవ్వాళ పావు చుట్టు అయినది నిలవదు, ముదురుతుంది.

బాల్ జాయింటు నట్టుకు తల మీద కోతలు ఉంటవి. బోల్టులోని రంధ్రం గుండా స్ప్లిట్ పిన్ను దూర్చి రెండు కాళ్ళూ వంచాలి. చెప్పినంత బిగించిన తరువాత కోత, రంధ్రం ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి గాని, వెనుకకు వదిలి కలపరాదు. పాత పిన్ను మళ్ళీ వాడరాదు. పిన్ను బదులు మేకు ముక్క, తీగ ముక్క చుట్టిన ట్రాక్టర్లు మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉన్నవి. కొత్త పిన్ను ఖరీదు ఒక చాయ ఖరీదుకు మించదు. లోపల ప్లాస్టిక్ వలయం ఉన్న నట్టు ఒకసారి విప్పితే దానికి పట్టు తగ్గుతుంది, కొత్తదే వేయాలి.

ట్రాలీ ఆటో, పికప్ ఉన్నవారికి రెండు మాటలు. ఇటువంటి బండ్లలో చాలావాటికి బరువు మోసేవి కమాన్ పట్టీలు. వాటిని ఇరుసుకు కట్టిపెట్టేవి యు బోల్టులు. ఇవి వదులైతే పట్టీల నడిమి బోల్టు తెగుతుంది, ఇరుసు ఒక పక్క వెనుకకు జరుగుతుంది. అప్పుడు ముందు చక్రాలు ఒక దారి, వెనుక చక్రాలు ఒక దారి. ముందు వరుస ఎన్నిసార్లు చేయించినా బండి వంకరగానే పోతుంది. అనుమానం ఉంటే ముందు హబ్బు నుంచి వెనుక హబ్బుకు రెండు పక్కలా టేపు పట్టండి. స్టీరింగు నిటారుగా ఉన్నప్పుడు రెండు కొలతలూ సమంగా ఉండాలి. యు బోల్టులను బండి తన చక్రాల మీద నిలిచి ఉండగా, ఎదురెదురుగా మార్చి మార్చి, కొద్ది కొద్దిగా బిగించాలి. కొత్త పట్టీలు వేస్తే అవి సర్దుకుంటవి గనుక, కొన్ని ట్రిప్పులు తిరిగిన తరువాత మళ్ళీ బిగించాలి.

రబ్బరు బుష్షులు ఉన్న చోట మరొక రహస్యం ఉన్నది. జాకీ మీద బండిని లేపి, చక్రాలు వేలాడుతుండగా బుష్షు బోల్టు పూర్తిగా బిగిస్తారు కొందరు. బండి దించగానే చక్రం పైకి వస్తుంది. బిగుసుకున్న బుష్షు మెలి తిరుగుతుంది. ఆ మెలితోనే అది నిత్యం పని చేసి కొన్నాళ్ళకు చినుగుతుంది. బండి ఎత్తు మారుతుంది, వరుస తప్పుతుంది. లేపినప్పుడు చేతి బిగువు మాత్రమే ఇచ్చి, బండిని నేల మీద దించి, మామూలు బరువు పడిన తరువాత చివరి బిగువు ఇవ్వాలి. అలైన్‌మెంటు దుకాణంలో ఈ మాట మీరే అడగండి. వరుస చేసే ముందు, చేసిన తరువాత కొలతల కాగితం కూడా అడిగి తీసుకోండి. అడిగే హక్కు మీకున్నది.

చక్రాల నట్లు కూడా వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. చక్రం విప్పి మళ్ళీ వేసిన తరువాత 50, 60 కిలోమీటర్లు తిరగగానే, ట్రాక్టరైతే కొద్ది గంటల పని కాగానే ఇంకొకసారి పానా పెట్టి చూడాలి.

చివరగా ఒక చవక ఉపాయం. ముఖ్యమైన నట్లన్నీ సరిగా బిగించిన తరువాత, నట్టు మీదుగా బోల్టు మీదికి రంగుతో ఒక సన్నని గీత గీయండి. ఇంట్లో ఉన్న గోళ్ళ రంగైనా సరే. నట్టు కదిలితే గీత తెగుతుంది. పొద్దున బండి తీసే ముందు పానా లేకుండానే కంటితో చూడవచ్చును. ఎడ్లబండి శీలను తడిమినంత సేపు కూడా పట్టదు. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఆ పని అప్పగించండి, వారు మనకన్న బాగా చూస్తారు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, బండి మీద పోయేది బస్తాలే కాదు. మిర్చి ఏరడానికి, పత్తి ఏరడానికి పోయే కూలీ అక్కచెల్లెళ్ళను ట్రాలీలో ఎక్కించడం మన పక్క ఇంకా పోలేదు. అది చట్టవిరుద్ధం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు కాలువలో పడి, పొద్దున ఇల్లు విడిచిన పలువురు తల్లులు తిరిగి రాలేదు. అక్కడ నట్టు ఊడిందని నేను అనడం లేదు. కాలువ గట్టు మీద ట్రాలీ పక్కకు తప్పితే ఏమవుతుందో చెప్పడానికే ఆ మాట తెచ్చాను. మనుషులను ట్రాలీలో ఎక్కించవద్దు. బస్తాలు ఎక్కించినా, ఎదురుగా వచ్చే సైకిలు పిల్లవాడు మన స్టీరింగును నమ్ముకొనే పక్కన పోతున్నాడని మరువవద్దు.

కోతలు మొదలు కాకముందే ఒక పూట బండికి కేటాయించండి. గాలి, కీలు, ఇరుసు, వరుస, లాక్ నట్టు, మళ్ళీ కొలత. ఈ క్రమం తప్పకండి.